పదిహేడో ప్రశ్నకు సున్నా

ఆ వేసవిలో మా ఇంట్లో లెక్కలు వచ్చినవాళ్లం ఇద్దరం, లెక్కలు రావని తీర్పు పొందిన మనిషి ఒకరు ఉండేవాళ్లం. వచ్చినవాళ్లం నేనూ, నా భర్తా. ఇద్దరం కాలేజీలో గణితం చెప్పేవాళ్లం. తీర్పు పొందినది ఆయన చెల్లెలు, నా ఆడపడుచు. తీర్పు ఇచ్చినది ఆయనే. ముప్పై అయిదు నిండిన మనిషిని ఆయన ఇంకా "పాపా" అనే పిలిచేవారు. ఆ పిలుపులో ప్రేమ లేదని నేననను. ప్రేమతో పాటు మరొకటి కూడా ఉండేది. అది బయటపడడానికి ఒక సమాకలనం లెక్క కావలసి వచ్చింది.

నా ఆడపడుచు బడి యూనిఫాంలు కుట్టే కార్ఖానాలో గుడ్డ కత్తిరించేది. ఎవరో అట్ట మీద గీసిన నమూనాను గుడ్డల దొంతర మీద పరిచి, సుద్దతో గీసి, ఒకేసారి నలభై చొక్కాలు కోసేది. ఆ అట్ట గీసే గదిలోకి వెళ్లాలని ఆమె కోరిక. దానికి సాంకేతిక విద్యాలయంలో రెండేళ్ల కోర్సు చదవాలి. చేరాలంటే పన్నెండో తరగతి లెక్కలు పాసై ఉండాలి, ముప్పై ఆరు నిండి ఉండకూడదు. వానలు మొదలైన నెలకు ఆమెకు ముప్పై ఆరు నిండుతాయి. అంటే ఆమె చేతిలో ఉన్నది ఆ ఒక్క పరీక్ష.

"అన్నయ్యని అడగొచ్చుగా," అన్నాను మొదటి రోజు. ఆయన నాకన్నా సీనియర్.

"అన్నయ్యని అడిగితే 'నీకెందుకే పాపా' అంటాడు వదినా. నువ్వైతే 'ఎక్కడ ఆగావు' అంటావు."

కార్ఖానా నుంచి రాగానే కాళ్లు కడుక్కుని భోజనాల బల్ల దగ్గర కూర్చునేది. నోటు పుస్తకం కొనలేదు. పాత నమూనాల వెనకవైపు, ముదురు గోధుమరంగు కాగితం మీద, పెన్సిలుతో పెద్ద పెద్ద అక్షరాలతో చేసేది. ఒక్కో లెక్క ఒక్కో చొక్కా చేయంత ఉండేది.

ప్రతిక్షేపణ చెప్పిన రోజు నాకు బాగా గుర్తుంది.

"లోపల రూట్ ఎక్స్ చిక్కుగా ఉందనుకో. దానికి టీ అని పేరు పెట్టు. లెక్క మొత్తాన్ని టీలోకి మార్చు. డీఎక్స్‌ని కూడా మార్చాలి, అది వదిలేస్తే అంతా పోయినట్టే. పనయ్యాక మళ్లీ ఎక్స్‌లోకి తెచ్చి ఇవ్వాలి."

"చొక్కాని తిరగేసి కుట్టి, అయ్యాక మంచివైపుకి తిప్పినట్టు."

"అంతే."

"తిప్పకుండా ఇచ్చేస్తే?"

"ఒక మార్కు పోతుంది."

"ఒక మార్కేనా! మా సూపర్‌వైజర్ అయితే మొహాన కొడతాడు. మీవాళ్లు దేవుళ్లు వదినా."

రెండు ప్రమేయాల గుణకారం వచ్చినప్పుడు దేన్ని అవకలనం చేసి దించాలో, దేన్ని సమాకలనం చేసి ఎక్కించాలో పది రోజుల్లో పట్టుకుంది. హారాన్ని కారణాంకాలుగా విడగొట్టి పాక్షిక భిన్నాలు చేయడం ఆమెకు నేను చెప్పనే అక్కరలేకపోయింది. "కుట్టు విప్పి ముక్కలు విడివిడిగా చూసుకోవడమేగా" అని తనే మొదలుపెట్టింది. ఆమెకు మింగుడుపడనిది ఒక్కటే.

"ఈ ప్లస్ సీ ఏంటి వదినా, ప్రతి జవాబుకీ తోకలాగా?"

"ఏ సంఖ్యనైనా అవకలనం చేస్తే సున్నా అయిపోతుంది కదా. వెనక్కి వచ్చేటప్పుడు అక్కడ ఎంత ఉండేదో మనకి తెలీదు. అందుకని సీ అని వదిలిపెడతాం."

ఆమె పెన్సిలు కొరుకుతూ ఆలోచించింది. "లోపలి మడతలో వదిలే గుడ్డన్నమాట. ఒకడు అరంగుళం వదుల్తాడు, ఇంకొకడు ముప్పావు. పైకి చొక్కా ఒకటే."

ఇరవై రెండేళ్లుగా పాఠం చెబుతున్నాను. అంత బాగా ఏనాడూ చెప్పలేదు.

"అయితే ఇద్దరు రెండు దార్లలో చేస్తే జవాబులు వేరేగా కనిపిస్తాయా?"

"కనిపించొచ్చు. తేడా ఒక స్థిరరాశే అయితే రెండూ ఒప్పే. అనుమానం వస్తే నీ జవాబుని అవకలనం చేసి చూసుకో. అడిగిన దానికే తిరిగొస్తే ఇంక ఎవరికీ భయపడక్కర్లేదు."

ఈ మాట నేనే చెప్పాను. దీన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి.

పరీక్ష రాసి వచ్చిన సాయంత్రం ఆమె నోరు విప్పబోతే నేను ఆపాను. నేనూ, నా భర్తా ఇద్దరం ఆ పేపర్లు దిద్దవలసినవాళ్లం. ఇంట్లో ప్రశ్నపత్రం ఊసు ఎత్తకూడదని నియమం పెట్టింది నేనే. "బాగా రాశావా, లేదా, అంతవరకే చెప్పు," అన్నాను. "బాగానే రాశా వదినా," అని చెప్పులు విప్పి లోపలికి వెళ్లిపోయింది. నా నిష్పక్షపాతానికి నేను ఆ సాయంత్రం కొంత గర్వపడ్డాను కూడా.

ఆ ఏడు ముఖ్య పరీక్షకుడు నా భర్త. జవాబుల కీ తయారు చేసినది ఆయనే. దిద్దే పద్ధతినీ ఆయనే మార్చారు. అంతకు ముందు ఒక్కో పేపరు ఒక్కరే దిద్దేవారు. ఆ ఏడు బల్లకు ఆరుగురం వరసగా కూర్చుని, పేపరు చేతులు మారుతుంటే ఒక్కొక్కరం మా వంతు ప్రశ్నలు మాత్రమే చూడాలి. పెద్ద ప్రశ్నలకు మధ్య వరసల మార్కులు తీసేశారు. చివరి వరస కీతో కలిస్తే అయిదు, కలవకపోతే సున్నా. నా వంతు పదిహేడో ప్రశ్న. ఒకటిని, ఎక్స్ మైనస్ ఎక్స్ స్క్వేర్ వర్గమూలంతో భాగించి సమాకలనం చేయమన్నది. కీలో ఆయన వర్గం పూర్తి చేసి, సైన్ ఇన్వర్స్ ఆఫ్ రెండు ఎక్స్ మైనస్ ఒకటి, ప్లస్ సీ అని రాశారు. అదొక్కటే రాశారు.

బల్ల చివర కూర్చునే పెద్దాయనను మేమంతా మీటరు మాస్టారు అనేవాళ్లం. ఎన్ని పేపర్లు కదిలాయో బిగ్గరగా లెక్కపెట్టడం ఆయన పని.

"నూట పది! కదలాలి, కదలాలి! మేడమ్ గారూ, చదవకండి. చదివారంటే మార్కులు పడతాయి!"

బల్లంతా నవ్వేది. నేనూ నవ్వాను. అర నిమిషానికి ఒక పేపరు. మధ్యాహ్నానికి కళ్లు చివరి వరసకు అలవాటుపడిపోతాయి; పైనున్న వరసలు ఉన్నట్టే తెలియదు. అది చదవడం కాదని, బట్టల దుకాణంలో రంగు పోల్చి చూడడం వంటిదని నాకు అప్పుడు తోచలేదు. తోచవలసింది.

మూడో రోజు మధ్యాహ్నం నా పక్కాయన మంచినీళ్లకు లేచాడు. వరస ఆగింది. ఒక పేపరు నా దగ్గర నిలిచిపోయింది. సున్నా వేయబోతున్న కలం పట్టుకుని, పనిలేక ఆ లెక్కను పైనుంచి చదివాను. ఎవరో విద్యార్థి రూట్ ఎక్స్‌ని టీ అనుకున్నాడు. డీఎక్స్‌ని మార్చాడు. శుభ్రంగా చేసుకుంటూ వచ్చి, రెండు సైన్ ఇన్వర్స్ ఆఫ్ రూట్ ఎక్స్, ప్లస్ సీ అని ముగించాడు. మనసులోనే అవకలనం చేశాను. అడిగిన దానికే తిరిగి వచ్చింది. ఎక్స్ సున్నా దగ్గర ఒకసారి, ఒకటి దగ్గర ఒకసారి రెండు జవాబులనూ పోల్చాను. రెండు చోట్లా తేడా పై బై టూ. స్థిరరాశి. జవాబు నూటికి నూరు పాళ్లూ ఒప్పు.

అప్పటికి రెండున్నర రోజులు గడిచాయి. నా బల్ల మీదుగా దాదాపు పదిహేను వందల పేపర్లు వెళ్లాయి. హాల్లో అలాంటి బల్లలు తొమ్మిది.

లేచి ఆయన బల్ల దగ్గరికి వెళ్లాను. హాల్లో మేం భార్యాభర్తలం కాము.

"చీఫ్ గారూ, పదిహేడుకి రెండో జవాబు కూడా ఉంది."

ఆయన కాగితం చూశారు. ఆయన గణితం తెలిసిన మనిషి. ఆయన కళ్లు ఆ వరసల మీదుగా దిగడం, చివరన ఒక్క క్షణం ఆగడం నేను స్పష్టంగా చూశాను.

"కీలో లేదు," అన్నారు.

"గణితంలో ఉంది."

"మెల్లగా మాట్లాడు." కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "సరే, ఇకనుంచి ఇలాంటివి వస్తే అయిదూ వేసెయ్యమని అందరికీ చెప్తాను."

"మొన్నటివి, నిన్నటివి?"

"సీల్ అయి వెళ్లిపోయాయి. ఇప్పుడు తిరగదోడితే ఫలితాలు నెల ఆలస్యం. కీ తప్పని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. వచ్చే నెల ప్రిన్సిపాల్ జాబితా వస్తుంది, నీకు తెలుసు." ఆ తర్వాత, గొంతు తగ్గించి, "ఇంట్లో మాట్లాడుకుందాం," అన్నారు.

ఇంట్లో మాట్లాడుకోలేదు. ఇంట్లో ప్రశ్నపత్రం ఊసు ఎత్తకూడదన్న నా నియమం ఆయనకు చక్కగా పనికివచ్చింది. హాల్లో నేను తిరిగి వెళ్లి నా కుర్చీలో కూర్చుని, ఆ పేపరుకు అయిదు వేశాను. న్యాయం చేస్తున్నానని కూడా అనుకున్నాను.

ఫలితాలు వచ్చాయి. నా ఆడపడుచుకు ముప్పై ఒకటి. పాసు కావడానికి ముప్పై అయిదు.

"పోనీలే పాపా," అన్నారు నా భర్త, చదువుతున్న దినపత్రిక మడుస్తూ. "ఈ వయసులో ఇంత రావడమే గొప్ప. ఒక్కొక్కరి బుర్ర ఒక్కో రకం. నీ చేతిలో పనుంది, చాలదూ?"

ఆమె ఏడవలేదు. "నా పేపరు నకలు తెప్పించుకోవచ్చా వదినా?" అంది నావైపు తిరిగి.

"తెప్పించుకోవచ్చు. మళ్లీ కూడతారు. మళ్లీ చదవరు."

"మళ్లీ చదవరా? మరి ఎందుకిస్తారు?"

అది ఆ నియమం రాసినవాళ్లని అడగాలి.

పదకొండు రోజులకు నకలు వచ్చింది. ఆదివారం ఉదయం, అదే భోజనాల బల్ల; నేనూ, నా భర్తా ఆమెకు ఎదురుగా కూర్చున్నాం. ఆమె ఒక్కో పుటా తిప్పుతూ వెళ్లింది. పదిహేడో ప్రశ్న దగ్గర ఆగి, కాగితాన్ని మా ఇద్దరి మధ్యకూ జరిపింది. రూట్ ఎక్స్ ఈజ్ ఈక్వల్ టు టీ. తర్వాత డీఎక్స్. తర్వాత ఒక్కో వరసా, నేను నేర్పినట్టే, ఒక్కటీ దాటవేయకుండా. చివర రెండు సైన్ ఇన్వర్స్ ఆఫ్ రూట్ ఎక్స్, ప్లస్ సీ. పక్కన సున్నా.

నా సున్నా పైన కలవదు. బడిలో చేరిన నాటినుంచీ అంతే; గీత చుట్టు తిరిగి వచ్చి, మొదలైన చోటికి చేరకుండా కొద్దిగా పైకి లేచి ఆగిపోతుంది. మా నాన్న ఎన్నోసార్లు దిద్దబోయి వదిలేశారు. నా భర్తకు ఆ సున్నా పాతికేళ్లుగా తెలుసు. ఆయన కిటికీవైపు చూస్తున్నారు.

"ఈ సున్నా నాది," అన్నాను.

ఆమె నన్ను చూసింది, కాగితాన్ని చూసింది.

"నువ్వు చెప్పింది చెప్పినట్టే రాశానే వదినా," అంది. నిష్ఠూరంగా కూడా అనలేదు. నిజంగా అర్థంకాక అడిగింది.

తర్వాత గౌను జేబులోంచి సుద్దముక్క తీసింది. కార్ఖానాలో గుడ్డ మీద గీసే పలచటి నీలం సుద్ద. కాగితం కోసం వెతకకుండా బల్ల చెక్క మీదే తన జవాబును రాసి అవకలనం చేసింది. ఏడు వరసలు. అడిగిన ప్రశ్న బల్ల అంచు దగ్గర తిరిగి తేలింది. దాని పక్కనే కీలోని జవాబును నేను చెప్పగా రాసుకుని, దాన్నీ అవకలనం చేసింది. అక్కడా అదే ప్రశ్న.

"అన్నయ్యా, చూడు. రెండూ ఒకటే."

"నాకు తెలుసు పాపా," అన్నారు ఆయన.

ఆ మాట ఆయన ఓదార్పుగా అన్నారు. నోటినుంచి వచ్చాక గాని అదేమిటో ఆయనకు తెలియలేదు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

ఆయన నావైపు చూశారు. ఆ చూపు నన్ను ఊరుకోమంది.

"మూడో రోజు నుంచి," అన్నాను. "నాకూ తెలుసు. నీ పేపరు అంతకు ముందే వెళ్లిపోయింది."

ఆమె సుద్దముక్కను బల్ల మీద పెట్టింది. దాన్ని వేలితో అటూ ఇటూ దొర్లించింది.

"చూడు పాపా," ఆయన కుర్చీ దగ్గరకు లాక్కున్నారు. "ఇది పెద్ద విషయమేం కాదు. పరీక్షల ఆఫీసులో నాకు మనుషులున్నారు. మళ్లీ కూడేటప్పుడు ఒక్క మాట చెప్తే అయిదూ పడతాయి. ముప్పై ఆరు. పాస్. వచ్చే వారం వెళ్లి కోర్సులో చేరిపో. సరేనా?"

"మిగతావాళ్లో?"

"ఏ మిగతావాళ్లు?"

"రూట్ ఎక్స్‌ని టీ అనుకున్నవాళ్లు."

"వాళ్ల సంగతి నీకెందుకే?"

"ఒక చొక్కాకి కుట్టు తప్పితే ఆ చొక్కా విప్పుతాం అన్నయ్యా. అట్టే తప్పుగా గీస్తే కట్ట మొత్తం విప్పుతాం."

"ఇది కార్ఖానా కాదు పాపా!"

"కాదులే. కార్ఖానా అయితే మూడో రోజే విప్పేవాళ్లం." లేచి నిలబడింది. "నాకు నా అయిదు మార్కులు కావాలి. నీ అయిదు నాకొద్దు. ఇంకోటి అన్నయ్యా, నన్నింక పాపా అనకు."

ఆయన దగ్గరకు లాక్కున్న కుర్చీని మళ్లీ వెనక్కి జరుపుకున్నారు. జాలి కలగవలసిన చోట నాకు కలగలేదు.

ఆ మధ్యాహ్నమే ఉత్తరం రాశాను. కీ ఎక్కడ తప్పిందో, మూడో రోజున ఎవరికి తెలియజేశానో, వారేం ఆదేశించారో, ఏ రోజుల కట్టలు దిద్దుబాటు లేకుండా సీలయ్యాయో, తేదీలతో సహా రాశాను. చివర నా పరీక్షకురాలి సంఖ్య వేసి, ఆ సున్నాలు వేసిన చేయి నాదేనని సంతకం చేశాను.

"నీ పేరూ పోతుంది," అన్నారు నా భర్త గుమ్మంలో నిలబడి.

"పోవలసిందే."

పరీక్షల ఆఫీసుకు నేనూ, నా ఆడపడుచూ కలిసి వెళ్లాం. అధికారి మర్యాదస్తుడు. ఉత్తరం రెండుసార్లు చదివాడు.

"మేడమ్, అభ్యర్థి ఫిర్యాదు చేయడానికి ఫారం ఉంది. కాలేజీ ఫిర్యాదు చేయడానికి ఫారం ఉంది. దిద్దినవాళ్లే వచ్చి తప్పుగా దిద్దామంటే ఏ ఫారంలో తీసుకోమంటారు?"

"తెల్లకాగితం మీద తీసుకోండి."

"ముఖ్య పరీక్షకులు మీ వారేగా? ఇంట్లో ఏమైనా..." అని ఆగాడు.

నా జీవితంలో నేను విన్న మాటల్లో అంత చవకబారు మాట మరొకటి లేదు. పదిహేడో ప్రశ్నకు గణితంలో సమాధానం ఉంది. ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి అది కాపురంలో కనిపించింది. నేను అతని బల్ల మీద ఉన్న కలం తీసుకుని, అతని కాగితాల మీదే రెండు జవాబులూ రాసి, రెంటినీ అవకలనం చేశాను. "ఇందులో మా ఇల్లు ఎక్కడుందో చూపించండి," అన్నాను. నా ఆడపడుచు నవ్వు ఆపుకోలేక దగ్గింది.

ఆ ఆఫీసుకు ఏడుసార్లు తిరిగాం. ఆమె ప్రతిసారీ పని మానుకుని వచ్చింది. ఎనిమిదోసారికి ఉత్తర్వు వచ్చింది. మొదటి రెండున్నర రోజుల కట్టలు తెరిచారు. మూడు వందల నలభై ఇద్దరికి మార్కులు మారాయి. అందులో యాభై ఎనిమిది మంది ఫెయిలైనవాళ్లు పాసయ్యారు. నా ఆడపడుచుకు ముప్పై ఆరు మార్కుల పత్రం చేతికందింది. అప్పటికి ఆమెకు ముప్పై ఆరేళ్లు నిండి తొమ్మిది రోజులైంది.

విద్యాలయం గుమస్తా తేదీ చూసి పత్రాన్ని వెనక్కి జరిపాడు. ఆలస్యం ఆమెది కాదని చెప్పాం. అది రాయడానికి గడి కూడా ఏ ఫారంలోనూ లేదు.

ఆ తర్వాత జరిగినవి వరసగా రాస్తాను. తప్పుగా దిద్దినందుకు నన్ను మూడేళ్లు పేపర్లు దిద్దకుండా నిషేధించారు, అది న్యాయమే. కీ రాసిన మనిషి ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ సంవత్సరపు నివేదికలో "కొన్ని పత్రాలు సాంకేతిక కారణాల వల్ల పునఃపరిశీలించబడినవి" అని ఒక వాక్యం ఉంది. ఎవరు, ఎందుకు అన్నది అందులో ఎక్కడా లేదు. నా ఆడపడుచు కార్ఖానాకు దగ్గరగా ఒక గది తీసుకుంది. మొదట నా పుస్తకాలు ఆ గదికి చేరాయి. శీతాకాలం వచ్చేసరికి నేనూ చేరాను. నా భర్త ఆపలేదు. ఆపడానికి ఆయన నాకు 'తప్పు నాదే' అని ఒక్క మాట చెప్పవలసి ఉండేది. అది చెప్పలేకపోయారు.

ఆమె ఇప్పటికీ ఇతరులు గీసిన అట్టల మీదే గుడ్డ కత్తిరిస్తోంది. సాయంత్రాలు ఆ గదిలో కార్ఖానా ఆడవాళ్లు, వాళ్ల పిల్లలు, ఎనిమిది పదిమంది చేరేవారు. ఆమె లెక్కలు చెప్పేది. నేను మూల కుర్చీలో కూర్చుని, అడిగితేనే మాట్లాడేదాన్ని.

"జవాబు రాశాక ఆగొద్దు," అనేది వాళ్లతో. "కింద ఇంకో వరస రాయండి. జవాబుని అవకలనం చేసి మొదటికి తీసుకొచ్చి చూపించండి."

"దానికి మార్కులుంటాయా అక్కా?" అని ఒక అమ్మాయి అడిగింది.

"ఉండవు."

"మరెందుకు?"

"దిద్దేవాళ్ల కోసమే. వాళ్లకి చదివే తీరిక ఉండదు పాపం."

నావైపు చూడకుండానే అంది.

నిషేధం తీరిన ఏడు నేను మళ్లీ ఆ హాల్లోకి వెళ్లాను. అదే పొడవాటి బల్ల, మళ్లీ ఒకే జవాబున్న కీ, అదే అరనిమిషం. రెండో రోజు ఒక పేపరు చేతికొచ్చింది. ఎవరిదో తెలియదు, తెలియకూడదు కూడా. జవాబు కీతో కలవలేదు. దాని కింద, మార్కులు లేని చోట, ఇంకొక వరస ఉంది.

కలం మూత పెట్టి, లెక్కను మొదటి వరస నుంచి చదవడం మొదలుపెట్టాను.

"మేడమ్ గారూ! వరస ఆగిపోయింది!" బల్ల చివర నుంచి మీటరు మాస్టారు అరిచారు.

నేను రెండో వరసకు వచ్చాను.